అరబ్బీ సాహిత్యంలో డాక్టరేట్ పరిశోధన: పాఠపరిష్కరణ పద్ధతి - హైదరాబాదు వనరులు

వ్యాససంగ్రహం:

అరబ్బీ భాషాసాహిత్యాలలో డాక్టరేట్ పరిశోధనకు అనేక మార్గాలు ఉన్నాయి. వాటిలో వ్రాతప్రతులను పోల్చి శుద్ధపాఠాన్ని నిర్ణయించే ‘తహ్‌కీక్’ పద్ధతి ప్రాచీనమైనది, శ్రమతో కూడినది. ఈ పద్ధతి స్వరూపాన్ని, దానికి పరిశోధకుడు సమకూర్చుకోవలసిన సామర్థ్యాలను, హైదరాబాదులో లభించే వనరులను వివరించడం, తెలుగు పరిశోధనతో దానికి గల సంబంధాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అరబ్బీ, తహ్‌కీక్, వ్రాతప్రతి, పాఠపరిష్కరణ, దాయిరతుల్ మఆరిఫ్, అన్యదేశ్యాలు.

1. ప్రవేశిక:

తెలుగువారి కార్యాలయ వ్యవహారంలో ‘అసలు’, ‘నకలు’, ‘ముసాయిదా’ అనే మాటలు నిత్యం వినబడుతుంటాయి. ఇవి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన అరబ్బీ పదాలు. అరబ్బీ వ్రాతప్రతుల అధ్యయనంలో ఇవే పారిభాషిక పదాలు కావడం గమనార్హం. పరిష్కర్త ఆధారంగా స్వీకరించే ప్రతి ‘అస్ల్’. దానిని చూసి రాసుకొన్నది ‘నక్ల్’. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నల్లబడిన రచయిత చిత్తుప్రతి ‘ముసవ్వద’. నలుపును సూచించే ధాతువు నుండి పుట్టిన ఈ మాటే తెలుగులో ‘ముసాయిదా’ అయింది. తెలుపును సూచించే ధాతువు నుండి ఏర్పడిన ‘ముబయ్యద’ అనే మాట శుద్ధప్రతిని తెలుపుతుంది.

చిత్తుప్రతి నుండి శుద్ధప్రతికి, శుద్ధప్రతి నుండి శతాబ్దాల నకళ్లకు సాగిన ప్రయాణంలో ఒక గ్రంథం ఎన్నో మార్పులకు లోనవుతుంది. ఆ మార్పులను గుర్తించి, రచయిత రాసినదానికి వీలైనంత దగ్గరి పాఠాన్ని నిలబెట్టడమే తహ్‌కీక్. సత్యాన్ని నిర్ధారించడం అని ఈ మాటకు అర్థం. తెలుగులో స్థిరపడిన ‘హక్కు’ కూడా ఇదే ధాతువుకు చెందినది.

2. డాక్టరేట్ ప్రవేశం - పరిశోధన విధానం:

భారతదేశంలో డాక్టరేట్ పట్టాకు సంబంధించిన కనీస ప్రమాణాలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో సవరించింది. వాటి ప్రకారం స్నాతకోత్తర పట్టాలో సాధారణంగా 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. కోర్సు వర్క్‌తో కలిపి కనీస వ్యవధి 3 సంవత్సరాలు, సాధారణ గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. జాతీయ అర్హత పరీక్ష (నెట్) విషయాల జాబితాలో అరబిక్ కూడా ఉంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాలలో అరబ్బీ శాఖలు ఉన్నాయి.

పరిశోధనాంశాలు ప్రధానంగా మూడు తెగలు: ఆధునిక కవిత్వం, కథ, నవలలపై విమర్శ, భాషాశాస్త్రం, అనువాదం, వ్రాతప్రతుల పరిష్కరణ. 1988లో నజీబ్ మహ్‌ఫూజ్‌కు నోబెల్ పురస్కారం లభించిన తరువాత ఆధునిక నవలపై ప్రపంచవ్యాప్తంగా ఆసక్తి పెరిగింది. ఆ గ్రంథాలు ముద్రితరూపంలో లభిస్తాయి, వాటిపై విమర్శ కూడా విస్తారంగా ఉంది. వ్రాతప్రతిని ఎంచుకొన్న పరిశోధకుడికి చేతిలో గ్రంథం కూడా సిద్ధంగా ఉండదు. ముందు దానిని తానే చదివి నిర్ణయించుకోవాలి.

3. లిపి - పఠన సమస్య:

అరబ్బీ వర్ణమాలలోని 28 అక్షరాలలో చాలావాటికి ఆకృతి ఒకటే. చుక్కల సంఖ్య, స్థానాలే వాటిని వేరు చేస్తాయి. హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. ప్రాచీన ప్రతులలో లేఖకులు చుక్కలను సైతం తరచు వదిలివేశారు. ‘బైత్’ (ఇల్లు), ‘బింత్’ (కుమార్తె), ‘నబ్త్’ (మొక్క) అనే మూడు పదాలను చుక్కలు లేకుండా రాస్తే మూడింటికీ ఒకే రూపం వస్తుంది. ‘బైత్’ అంటే పద్యచరణాల జంట అనే అర్థం కూడా ఉంది. కాబట్టి చుక్కలు లేని ఆ ఒక్క రూపం ఎదురైనప్పుడు సందర్భం, వ్యాకరణం, పద్యమైతే ఛందస్సు తెలిసినవారే సరైన పాఠాన్ని నిర్ణయించగలరు. చుక్కల వల్ల జరిగే పొరపాటును అరబ్ పండితులు ‘తస్‌హీఫ్’ అని పిలిచి, దానిపై ప్రత్యేక గ్రంథాలు రచించారు.

ఇటువంటి పొరపాటు ఒక అక్షరంతో ఆగదు. వైద్యగ్రంథంలో ఓషధి పేరు, ఖగోళగ్రంథంలో సంఖ్య, చరిత్రగ్రంథంలో ఊరి పేరు మారిపోతే తరువాతి అధ్యయనాలన్నీ ఆ తప్పునే ప్రమాణంగా స్వీకరిస్తాయి.

4. పరిశోధకుడి సాధనసంపత్తి:

ఈ పనికి మొదట కావలసినది ధాతుజ్ఞానం. అరబ్బీలో అధికభాగం పదాలు మూడు హల్లుల ధాతువుల నుండి ఏర్పడతాయి. క-త-బ అనే ధాతువు నుండి కితాబ్ (గ్రంథం), కాతిబ్ (లేఖకుడు), మక్తబ (గ్రంథాలయం), మక్తూబ్ (రాయబడినది) వంటివి పుడతాయి. సంప్రదాయ నిఘంటువుల అమరిక కూడా ధాతువులపైనే ఆధారపడి ఉంటుంది. ఇబ్న్ మంజూర్ కూర్చిన ‘లిసానుల్ అరబ్’లో పదాలను ధాతువు చివరి అక్షరాన్ని బట్టి వెతకాలి. ధాతువును పోల్చుకోలేనివారికి ఆ నిఘంటువు అందుబాటులో ఉన్నా ఉపయోగపడదు.

రెండవది వ్రాతప్రతుల జాడ తెలుసుకొనే నేర్పు. కార్ల్ బ్రోకెల్మాన్, ఆయన తరువాత ఫువాద్ సెజ్గిన్ రూపొందించిన అరబ్బీ గ్రంథచరిత్రలు ఇందుకు మూలాధారాలు. ఇవి జర్మన్ భాషలో వెలువడ్డాయి. అందువల్ల అరబ్బీ పరిశోధకుడికి ఇంగ్లీషుతోపాటు మరొక ఐరోపా భాషాపరిచయం ప్రయోజనకరం. భారతీయ ప్రతులపై పనిచేసేవారికి పారసీ, ఉర్దూ కూడా అవసరమవుతాయి. ఆ ప్రతుల అంచులలోని వివరణలు, యజమానుల సంతకాలు తరచు ఆ భాషలలోనే ఉంటాయి.

మూడవది క్రమశిక్షణ. లభించిన ప్రతులను సేకరించడం, వాటి కాలాన్ని, పరస్పర సంబంధాన్ని నిర్ణయించడం, ఆధారప్రతిని ఎంచుకోవడం, పాఠభేదాలను నమోదు చేయడం, పీఠికలో కారణాలను వివరించడం అనేవి వరుసగా సాగవలసిన దశలు. తనకు నచ్చిన పాఠాన్ని మూలంలోకి ఎక్కించి, ప్రతులలోని పాఠాన్ని చెప్పకుండా దాటవేయడం పరిష్కరణ అనిపించుకోదు.

5. హైదరాబాదు వనరులు:

1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ గ్రంథాల పరిష్కరణ, ప్రచురణలకు అంకితమైన సంస్థ. అల్-బిరూనీ ఖగోళగ్రంథం ‘అల్-ఖానూన్ అల్-మసూదీ’ని ఈ సంస్థ 1954-56 మధ్య మూడు సంపుటాలుగా ప్రచురించింది. అల్-రాజీ వైద్యగ్రంథం ‘అల్-హావీ’ ప్రచురణ 1955లో మొదలైంది. భారతదేశాన్ని గురించి అల్-బిరూనీ రచించిన గ్రంథం 1958లో ఇక్కడి నుండి వెలువడింది. ఆ గ్రంథం అరబ్బీ శీర్షికలో ‘తహ్‌కీక్’ అనే మాట ఉండటం విశేషం. అన్యదేశస్థుల విద్యలను విన్నదాని మీద కాక విచారించి తెలుసుకోవాలన్న ఆయన దృష్టికి ఆ శీర్షిక తగినట్లే ఉంది.

హైదరాబాదులో జన్మించి ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) కృషి ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సంకలనం చేసిన ప్రాచీన హదీసు సంపుటి ప్రతులను ఆయన బెర్లిన్, డమాస్కస్‌లలో గుర్తించి, పోల్చి ప్రచురించారు. ఒక చిన్న గ్రంథం కోసం రెండు దేశాల ప్రతులను పక్కపక్కన పెట్టి చూడవలసి వచ్చింది.

సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయంలోను, ఉస్మానియా ప్రాంగణంలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోను అరబ్బీ వ్రాతప్రతులు భద్రపరచి ఉన్నాయి. ఒకసారి ముద్రితమైనంత మాత్రాన ఒక గ్రంథం పరిష్కరణ ముగిసినట్లు కాదు. కొత్త ప్రతి వెలుగులోకి వచ్చినప్పుడు పాత ముద్రణను పునఃపరిశీలించడం కూడా డాక్టరేట్‌కు తగిన అంశమే.

6. తెలుగు పరిశోధనతో సంబంధం:

సి.పి.బ్రౌన్ తెలుగు కావ్యాల ప్రతులను సేకరించి, పండితులచేత పోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి ఈ రంగంలో చేసిన కృషి సుప్రసిద్ధం. ఆధారప్రతి, పాఠాంతరం, లేఖకదోషం వంటి భావనలు రెండు సంప్రదాయాలకూ సమానం. అయినా తెలుగు పరిష్కర్తలు, అరబ్బీ పరిష్కర్తలు పరస్పరం సంప్రదించుకొనే సందర్భాలు అరుదు.

బ్రౌన్ 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు తెలుగులోని అన్యదేశ్యాల అధ్యయనానికి తొలి సాధనాలలో ఒకటి. జిల్లా, తాలూకా, వకీలు, వసూలు, తారీఖు, రద్దు వంటి పదాల చరిత్రను సమగ్రంగా రాయాలంటే అరబ్బీ ధాతువు, పారసీ ఉచ్చారణ, తెలుగు అర్థపరిణామం మూడూ తెలియాలి. ఇటువంటి పదాలలో కొన్నిటికి తెలుగులో అర్థం మారింది. ఈ మార్పు ఏ దశలో, ఏ వ్యవహారం ద్వారా జరిగిందన్నది నిఘంటువు ఒక్కటే చెప్పలేదు. దస్తావేజులను, లేఖలను వరుసగా పరిశీలించాలి.

అనువాదరంగంలోనూ ఇదే అవసరం కనిపిస్తుంది. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ కర్త చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకుడు. అరబ్బీ సృజనసాహిత్యం మాత్రం తెలుగు పాఠకులకు ఎక్కువగా ఇంగ్లీషు ద్వారానే పరిచయమైంది. అరబ్బీ, తెలుగు రెండింటిలో ప్రవేశమున్న పరిశోధకుడు ఈ లోటును నేరుగా పూరించగలడు.

7. ముగింపు:

అరబ్బీ డాక్టరేట్‌ను కేవలం మతవిద్యకు కొనసాగింపుగానో, విదేశీ ఉద్యోగానికి సోపానంగానో భావించడం ఆ విద్య పరిధిని కుదించడమే అవుతుంది. వైద్యం, ఖగోళం, చరిత్ర, కవిత్వం అన్నీ ఆ వ్రాతప్రతులలో ఉన్నాయి. కాగితం శిథిలమయ్యే వేగంతో పోలిస్తే పరిష్కర్తలు తయారయ్యే వేగం తక్కువ. చిత్రీకరించి భద్రపరచడం వల్ల ప్రతి రూపం నిలుస్తుంది. అందులోని చుక్కలు లేని పదం ‘బైత్’ అవునో, ‘బింత్’ అవునో చెప్పగల చదువరి లేకపోతే పాఠం నిలవదు. అటువంటి చదువరులను తయారుచేయడమే అరబ్బీ డాక్టరేట్ పరిశోధనకు మొదటి ప్రయోజనం. వారిలో కొందరు తెలుగు కూడా బాగా తెలిసినవారైతే అన్యదేశ్యాల చరిత్ర, పాఠపరిష్కరణ, అనువాదం అనే మూడు రంగాలలోనూ తెలుగు పరిశోధనకు మేలు కలుగుతుంది.