చీర దొరికింది... చోటే దొరకలేదు!

పెళ్ళిచూపులకి వస్తున్నామని మగపెళ్ళివారు ఫోన్ చేస్తే ఇదివరకు "ఎంతమంది వస్తున్నారండీ?" అని అడిగేవాళ్ళం, ఉప్మాలోకి రవ్వ కొలుచుకోవాలి కదా! ఇప్పుడు "ఎన్ని కార్లలో వస్తున్నారండీ?" అని అడుగుతున్నాం. నవ్వకండి. కార్లు పెట్టే చోటు లేక వీధంతా రెండుసార్లు చుట్టొచ్చి, చిరాకుపడుతూ గుమ్మంలోకొచ్చిన కాబోయే వియ్యపురాలికి ఏ పిల్ల మాత్రం నచ్చుతుంది చెప్పండి?

మా రాజమండ్రి మరీ పెద్ద ఊరేం కాదు. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షల నలభై వేల పైచిలుకు. 2015లో పేరు రాజమహేంద్రవరమైంది గానీ, మెయిన్ రోడ్డు మాత్రం రిక్షాల కాలం నాటిదే. రెండు పక్కలా బంగారం కొట్లు, బట్టల కొట్లు. తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్‌కి పెళ్ళి బట్టలకని కోనసీమ నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. శ్రావణమాసం, దసరా, సంక్రాంతి... ఈ మూడు సీజన్లలో మెయిన్ రోడ్డులోకి స్కూటీ తీసుకెళ్ళడమంటే పద్మవ్యూహంలోకి వెళ్ళడమే. పోయినేడు శ్రావణ శుక్రవారం ముందు నేనూ, మా వదినా వెళ్ళాం. చీర ఇరవై నిమిషాల్లో నచ్చింది. బండి పెట్టడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. ఒక షాపు ముందు ఆపబోతే వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"ఇక్కడ పెట్టకండమ్మా, షాపులో కొనేవాళ్ళకే."

"మేమూ కొనడానికే వచ్చాం నాయనా."

"అయితే కొన్నాక పెట్టుకోండమ్మా!"

మా వదిన అక్కడికక్కడే పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు, బండి బరువు నా చేతుల మీద ఉంది మరి!

ఈసారి పొద్దున్నే షాపులు తెరిచే వేళకి బజారుకెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించండి. కొనేవాళ్ళు ఇంకా రాకముందే షాపుల ముందు సగం చోటు నిండిపోయి ఉంటుంది. అవి ఎవరి బండ్లంటారు? షాపు ఓనర్లవీ, గుమాస్తాలవీ, సేల్స్‌గర్ల్స్‌వీ. రాత్రి షట్టర్ దించేదాకా కదలవు. కొనేవాళ్ళకి చోటివ్వకుండా చేసేది కొట్టువాళ్ళేనన్నమాట! ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరును 1935 జులైలో అమెరికాలో ఓక్లహామా సిటీలో పెట్టారు. కారణం సరిగ్గా ఇదే. అక్కడ పనిచేసేవాళ్ళు పొద్దుట కారు పెడితే సాయంత్రం దాకా తీసేవాళ్ళు కారట, వ్యాపారం దెబ్బతింటోందని గంటకి ఐదు సెంట్లు వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. డొనాల్డ్ షూప్ అని ఒక ప్రొఫెసరు, 2025లో పోయారు, ఈ ఒక్క విషయం మీదే 2005లో లావుపాటి పుస్తకం రాశారు. ఉచితంగా బండి పెట్టుకుంటున్నామని మనం అనుకుంటాం గానీ ఆ ఖర్చు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కడుతూనే ఉంటారని ఆయన వాదన. వరసకి ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేంత రుసుము పెడితే చాలంటారు.

నాలుగు వేలు పెట్టి చీర కొని, పది రూపాయల పార్కింగ్ చీటీ దగ్గర పేచీ పెట్టుకునేవాళ్ళం మనం. నిజమే. కానీ ఆ పది రూపాయలకి చీటీ ఇవ్వాలి కదా? చాలాచోట్ల చీటీ ఉండదు, బోర్డు ఉండదు, జేబులో డబ్బులు వేసుకునే కుర్రాడు ఒక్కడే ఉంటాడు. రుసుము పెట్టడం నాకు సమ్మతమే. లెక్కలేని వసూలు మాత్రం కాదు. తెలంగాణలో 2018లో ఇచ్చిన జీవో ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంటకి రుసుము తీసుకోకూడదు. ఆ తర్వాత గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. ఈ సంగతి తెలియక డబ్బులిచ్చేసే మన హైదరాబాదు అక్కచెల్లెళ్ళు ఎంతమందో!

సెల్లార్ ఏమైంది?

పెద్ద పెద్ద కాంప్లెక్సులకి ప్లాను మంజూరు చేయించుకునేటప్పుడు కింద సెల్లార్‌లో పార్కింగ్ చూపిస్తారు. కట్టాక వెళ్ళి చూడండి. ఒకచోట మందుల షాపు, ఇంకోచోట జిరాక్సు కొట్టు, మరోచోట అట్టపెట్టెల గోడౌను. పార్కింగ్ రోడ్డు మీదకి వచ్చేస్తుంది. ఒకవేళ సెల్లార్ ఖాళీగా ఉన్నా ఆడవాళ్ళం దిగుతామా? వెలుగు ఉండదు, మనిషి ఉండడు. సాయంత్రం ఏడు దాటితే ఆ వాలులోంచి స్కూటీ దింపడానికి నాకు గుండె పీచుపీచుమంటుంది. ట్యూబ్‌లైట్లు నాలుగు, కాపలాకి ఒక మనిషి... ఇంతకంటే పెద్ద కోరికేం కాదే! రోడ్డు మీద పెడదామంటే ఇంకో బాధ. మన బండి చుట్టూ నాలుగు మోటార్ సైకిళ్ళు పేర్చేసి వెళ్ళిపోతారు. చంకలో పిల్లతో, చేతిలో సంచులతో, దారినపోయే ప్రతి అబ్బాయినీ "కొంచెం ఆ బండి జరుపుతావా బాబూ" అని బతిమాలుకోవాలి.

ఫ్లాటు కొనబోయేవాళ్ళు ఒక ముక్క వినండి. 2010లో ముంబయి కేసొకదానిలో సుప్రీంకోర్టు, పిల్లర్ల మధ్య ఉండే స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని చెప్పింది. 2016లో వచ్చిన రెరా చట్టం కప్పు లేని పార్కింగ్ స్థలాన్ని అందరి ఉమ్మడి ఆస్తిగా లెక్కగట్టింది. పైన కప్పూ, మూడు పక్కల గోడలూ ఉంటేనే అది గ్యారేజీ. కాబట్టి "పార్కింగ్‌కి వేరే రెండు లక్షలమ్మా" అని ఎవరైనా అంటే, ఏ జాగాకి, ఏ కాగితం మీద రాసిస్తున్నారో అడిగి తీరండి.

ముగ్గు మనదే, రోడ్డు మనది కాదు

తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేది మనమే. అందుకేనేమో, గేటు ముందు జాగా మన పట్టాలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఎవరైనా అక్కడ కారు పెడితే ముగ్గు మీద కాలు వేసినంత కోపం వస్తుంది. కొందరు రాళ్ళు పెడతారు, కొందరు పూలకుండీలు, మరికొందరు ఏకంగా ఇనప గొలుసు కడతారు. చట్టం చూస్తే, ఆ జాగా మనది కాదు, ఊరిది. రాళ్ళు పెట్టే హక్కు లేదు. అయితే మన గేటుకి అడ్డంగా కారు పెట్టే హక్కు వాళ్ళకీ లేదు. బోర్డు ఉన్నా లేకపోయినా సరే. ఫుట్‌పాత్ మీద, మలుపుల దగ్గర, బస్టాపు, స్కూలు, ఆస్పత్రి గేట్ల దగ్గర, ఆగి ఉన్న ఇంకో బండి పక్కన బండి పెట్టడం నేరమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో మొదటి తప్పుకి 500 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 1500 దాకా జరిమానా ఉంది. పెట్టకూడని చోట వదిలేసిన బండిని పోలీసులు ఎత్తుకుపోవచ్చు, చక్రానికి తాళం కూడా వెయ్యొచ్చు.

మా వీధిలో ఇవన్నీ ఎవరికీ పట్టేవి కావు, ఎదురింటి మామ్మగారికి ఆ రాత్రి ఆయాసం వచ్చేదాకా.

రాత్రి పదకొండున్నర అయివుంటుంది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు తొందరగానే వచ్చింది. వచ్చి వీధి మొదట్లో ఆగిపోయింది. మా వీధి ఇరవై అడుగులు. అటొక కారు, ఇటొక కారు ఎదురెదురుగా ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు, మేం తలుపులు కొట్టాం. ఒకాయన ఫోన్ సైలెంట్‌లో ఉంది, ఇంకో కారు ఎవరిదో తెలియదు, పక్క వీధి పెళ్ళికొచ్చిన చుట్టాలదట. చివరికి మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్ళు మోసుకెళ్ళారు. నూరు గజాలే. ఆ నూరు గజాలూ ఆవిడ ఊపిరి నాకు ఇప్పటికీ వినబడుతుంది. దేవుడి దయవల్ల బతికి బట్టకట్టారు. తొమ్మిదో రోజున ఇంటికొచ్చి, "నన్ను కుర్చీలో ఊరేగిస్తుంటే అమ్మవారిననుకున్నానే!" అని ఆవిడే నవ్వించారు. నవ్వుతూనే మా కళ్ళు తుడుచుకున్నాం.

ఆ ఆదివారం ఆడవాళ్ళం వాళ్ళ వరండాలో కూర్చున్నాం. మా వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ తన టేపు తెచ్చింది. నిజంగానే వీధి కొలిచాం! కారు అద్దాలతో సహా ఒక్కోటి ఆరడుగులు తింటోంది. రెండు వైపులా పెడితే మధ్యలో ఎనిమిది మిగులుతుంది. అదీ గోడకి ఆనించి పెడితేనే, మధ్యలో మురుక్కాలవ వదిలేస్తే అంతా లేదు. అంబులెన్సుకి అద్దాలతో ఏడడుగుల పైచిలుకు కావాలి. ఫైరింజనుకి దాదాపు ఎనిమిది. ఒక వైపే పెడితే పద్నాలుగు అడుగులు మిగులుతాయి. ఇక వాదన ఏముంది?

వాదన ఉంది. ఏ వైపు?

పుణెలో చాలా రోడ్ల మీద పి1, పి2 అని బోర్డులుంటాయి. బేసి తేదీల్లో ఒక పక్క, సరి తేదీల్లో రెండో పక్క బండ్లు పెట్టాలి. మా చెల్లెలు అక్కడ ఉన్నప్పుడు చూశాను. రోజూ మార్చడం మావల్ల కాదని అందరూ అన్నారు. మామ్మగారు "శుక్లపక్షం అటు, కృష్ణపక్షం ఇటు పెట్టుకోండర్రా, వంటింట్లో క్యాలెండర్ ఉంటుందిగా" అన్నారు. నాకు బాగా నచ్చింది గానీ, కుర్రవాళ్ళు తిథులు తెలియవని గోల పెట్టారు. ఆఖరికి పదిహేనో తేదీ దాకా తూర్పు వైపు, ఆ తర్వాత నెలాఖరు దాకా పడమటి వైపు అని తేలింది.

మూడు కార్లున్న ఇంటాయన మాత్రం లేచి "రోడ్డు మీ తాతగారిదా?" అన్నాడు. టైలరమ్మ టేపు చుట్టుకుంటూ, "మా తాతదీ కాదు, మీ తాతగారిదీ కాదండి. కుర్చీ మోసింది మాత్రం మా అబ్బాయి" అంది. ఆయన కూర్చున్నాడు.

మా వీధిలో పద్నాలుగు ఇళ్ళు, పదహారు కార్లు. ఐదు కాంపౌండ్లలో పడతాయి. మిగతా పదకొండూ బయటే. ఒక వైపు ఎలా సర్దినా ఎనిమిదే పడుతున్నాయి. అసలు ఇన్ని బయట ఎందుకున్నాయంటే, చాలామందిమి కారు పట్టే జాగాలో పోర్షన్ కట్టి అద్దెకిచ్చాం. అద్దె మన పెట్టెలోకి, కారు ఊరి నెత్తికి! జపానులో అయితే కారు పెట్టుకునే చోటు ఉందని ముందు కాగితం చూపించాలి, అదీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు. ఈ చట్టం 1962లో వచ్చింది. మన దగ్గర లోను కాగితాలుంటే చాలు, షోరూంవాళ్ళు కారుకి గుమ్మడికాయ కొట్టి మరీ పంపిస్తారు.

మా ఒప్పందం చట్టం కాదు. ఒక వైపు పార్కింగ్ అని బోర్డు పెట్టాల్సింది కార్పొరేషన్, పోలీసులు కలిసి. పద్నాలుగు ఇళ్ళవాళ్ళం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. ఒకాయన వచ్చి చూసి వెళ్ళాడు, కాగితం ఇంకా తిరుగుతోంది. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. 2015లో ఈ ఊళ్ళో జనాన్ని చూసినవాళ్ళకి అప్పటి సంగతి తలుచుకుంటేనే భయం. రోడ్లూ, ఘాట్లూ ఎలాగూ చూస్తారు, మాలాంటి వీధుల సంగతి కూడా ఇప్పుడే చూడమని అర్జీలో రాశాం.

మిగిలిన మూడు కార్లలో ఒకదానికి చివరి ఖాళీ స్థలం దొరికింది, నెలకి ఎనిమిది వందలు. ఇంకోటి మూడు కార్లాయనది, వాళ్ళ బావమరిది ఇంటికి తరలించాడు. మూడోది వెనక పోర్షన్‌లో అద్దెకున్న జంటది. ఆ అబ్బాయి ట్యాక్సీ నడుపుతాడు. కారు లోను ఇంకా నాలుగేళ్ళుంది, ఇల్లు గడిచేది దానిమీదే. స్థలం అద్దె కట్టే స్తోమతు లేదు. అందరి కార్లూ సాయంత్రానికే చేరిపోతాయి, అతను వచ్చేది అర్ధరాత్రి. ముందొచ్చినవాడికే చోటు అనే పద్ధతి పెడితే, షికారుకి తిరిగే కారుకి చోటుంటుంది, అన్నం పెట్టే కారుకి ఉండదు. దీనికి మాత్రం మేం ఇంకా ఏ ఏర్పాటూ చెయ్యలేకపోయాం. ఎనిమిదో చోటు అతనికే వదలాలని నేనన్నాను, ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు చూద్దామన్నారు.

రోజూ రాత్రి పదకొండు దాటాక ఆ అమ్మాయి నుంచి ఫోన్ వస్తుంది. "అక్కా, పడుకున్నారా? మీ వైపు ఏమైనా ఖాళీ ఉందా? ఆయన కంబాలచెరువు దాకా వచ్చేశారు." నేను లేచి కిటికీలోంచి చూసి చెబుతాను.