మెట్ట పెరటికి అమృతవల్లి: తిప్పతీగ

ఇబ్రహీంపట్నం పరిసరములలోని ఎర్ర చల్క నేలలు నీటిని ఎంతోకాలము నిలుపుకొనలేవు. కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు గల ఊరే అయినను, వేసవిలో బోరు నీరు ఇంటి వాడుకకే చాలని గృహములు అనేకము. “మా పెరటిలో ఏ ఔషధపు మొక్క బ్రతుకును?” అని అడుగువారికి నేను మొదట చెప్పునది తిప్పతీగ.

సంస్కృతమున దీనికి గుడూచి, అమృత, మధుపర్ణి మొదలగు నామములు కలవు. వానిలో ఛిన్నరుహ అనగా త్రుంచినను మరల మొలచునది. కాండమును నడుమ కోసినను, పైభాగము సన్నని ఊడలను నేలకు దించి బ్రతుకును. కండగల కాండమున నీటిని దాచుకొనుట, ఎండలు ముదిరినపుడు ఆకు రాల్చుట అను రెండు గుణములచే ఇది అనావృష్టిని ఓర్చుకొనును.

నాటు విధానము

తొలకరికి ముందు, మే చివర లేక జూన్ మొదట, చిటికెన వ్రేలి లావు గల ముదురు తీగను రెండు మూడు కణుపులుండునట్లు జానెడు ముక్కలుగా కోయవలెను. అడుగు లోతు గుంటలో మన్ను, మాగిన పశువుల ఎరువు కలిపి, క్రింది కొన క్రిందికే ఉండునట్లు చూచి నాటవలెను. చిగురించువరకు రెండు దినములకొకసారి కొద్దిగా నీరు పోసిన చాలును. నీరు నిలిచినచో కొమ్మ కుళ్ళును. మొదట ఎండుటాకులు కప్పుట మంచిది. వేపచెట్టుపై ప్రాకిన తీగ శ్రేష్ఠమని వైద్యుల సంప్రదాయము. వేప లేనివారు పందిరి వేయవచ్చును. లేత మొక్కలపైకి మాత్రము ప్రాకనీయరాదు.

గుర్తించు విధానము

హృదయాకారపు ఆకులు, కాగితమువలె పలుచగా ఊడు పైపొర, బఠాణీ గింజంత ఎర్రని గుండ్రని పండ్లు దీని లక్షణములు. కాండమును అడ్డముగా కోసినచో బండిచక్రపు ఆకులవంటి రేఖలు కనిపించును. ఒడలెల్ల బుడిపెలతో నిండి, కోసినచో పాలు కారు తీగ దీనికి దాయాది మాత్రమే. దానిని శాస్త్రజ్ఞులు టినోస్పోరా క్రిస్పా అందురు. ఆకులు చూచి మోసపోరాదు.

సేవనము, హెచ్చరిక

జీర్ణజ్వరమునకు, వాతరక్తమునకు గుడూచి ప్రసిద్ధ ఔషధము. చరకుడు దీనిని నాలుగు మేధ్య రసాయనములలో ఒకటిగా పేర్కొనెను. ఔషధమునకు ముఖ్యమైనది కాండము. కషాయమునకు దినమునకు 20 నుండి 30 గ్రాములు, చూర్ణమైనచో 3 నుండి 6 గ్రాములు ప్రమాణము.

కరోనా కాలమున పలువురు దీనిని నెలల తరబడి ఇష్టము వచ్చినట్లు సేవించిరి. అట్టివారిలో ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. అది పైన చెప్పిన దాయాది తీగ అయి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ బదులు చెప్పెను. 2022లో పలు ఆసుపత్రుల నుండి మరికొన్ని వృత్తాంతములు వెలువడెను. కనుక సరియైన తీగ అయినను అందరికీ హితమని తలపరాదు. కాలేయ వ్యాధి గలవారు, తన శరీరమునే శత్రువుగా ఎంచు రోగనిరోధక వ్యాధులు గలవారు, గర్భిణులు దీనిని వాడరాదు. మధుమేహమునకు మాత్రలు మ్రింగుచు ఉదయమున రెండాకులు నములువారికి చక్కెర మిక్కిలి పడిపోవచ్చును. వారు వైద్యునితో చెప్పి తీరవలెను. సేవించునపుడు కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగు తిరిగినను వెంటనే మాని ఆసుపత్రికి పోవలెను.

అంగడిలో కొనిన చూర్ణము ఏ తీగదో ఇల్లాలు ఎరుగజాలదు. తానే గుర్తించి, తానే నాటి, ఏడాదికేడాది చూచుచున్న తీగను గూర్చి ఆ సందేహము ఉండదు. మెట్ట పెరటిలో దీనిని పెంచుటవలన కలుగు మొదటి లాభము ఇదియే. మోతాదును మాత్రము వైద్యునికి విడువవలెను.