అపవాదము - ఆత్యయిక స్థితి

లోకవ్యవహారమున 'అపవాద' మనగా నింద, శాస్త్రమున విశేషవిధి. వ్యాకరణమున అపవాదము ఉత్సర్గమును, అనగా సామాన్యవిధిని, బాధించును. అయినను దాని విషయము సూత్రముననే నిర్దిష్టమై యుండును. ఆ యెల్లకు వెలుపల ఉత్సర్గము యథాపూర్వముగా ప్రవర్తించును. ఆధునిక విమర్శసిద్ధాంతమున ఆత్యయిక స్థితినిగూర్చిన చర్చయు అపవాదభావమునే ఆశ్రయించినది. కాని యా అపవాదము వైయాకరణుల అపవాదము కాదు. ఈ భేదమును నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

జర్మను న్యాయశాస్త్రవేత్త కార్ల్ ష్మిట్ (1888-1985) తన 'రాజకీయ దైవశాస్త్రము' (1922) అను గ్రంథమున, అపవాదస్థితిని నిర్ణయించువాడే సార్వభౌముడని నిర్వచించెను. ఆధునిక రాజ్యసిద్ధాంతమునందలి ప్రధానభావములు దైవశాస్త్రమునుండి వచ్చి లౌకికరూపము నొందినవని యాతని మతము. దైవశాస్త్రమున అద్భుత మెట్టిదో, న్యాయశాస్త్రమున అపవాద మట్టిది. ప్రకృతినియమములను దైవము అతిక్రమింపగలిగినట్లు, సార్వభౌముడు శాసనమును స్తంభింపజేయగలడు. కావున ఈ యపవాదమునకు మూలము సూత్రము కాదు, పురుషనిర్ణయము.

ఈ వాదము గ్రంథములకే పరిమితము కాలేదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగపు 48వ అధికరణము, శాంతిభద్రతలకు తీవ్రభంగము కలిగినపుడు ఏడు అధికరణములందలి ప్రాథమికహక్కులను తాత్కాలికముగా స్తంభింపజేయు నధికారమును అధ్యక్షున కొసగినది. పార్లమెంటు కోరినచో ఆ చర్యలను రద్దుచేయవలెననియు విధించినది. అనగా సూత్రకర్తలు అపవాదమునకు ఎల్ల గీచిరి. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనము తగులబడగా, మఱునాడే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఆ యేడింటిని స్తంభింపజేయుచు ఉత్తర్వు గావించెను. దానికి గడువు లేదు. నాజీరాజ్యము కూలిన 1945 వఱకు అది తొలగలేదు. రాజ్యాంగమును విధ్యుక్తముగా రద్దుచేయవలసిన పనియు కలుగలేదు. ఆ సంవత్సరము మే నెలలోనే ష్మిట్ నాజీపక్షమున చేరెను.

ఆ రాజ్యమునకు వెఱచి దేశము విడిచిన యూదు విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ (1892-1940) వేఱు సమాధాన మిచ్చెను. జర్మను విషాదనాటకములపై 1928లో ప్రకటించిన గ్రంథమున, నిర్ణయింపవలసిన చోట నిర్ణయింపలేని రాజును ఆతడు చూపెను. మరణించిన యేడు రచించిన చరిత్రవిషయక సూత్రములందు, పీడితులకు ఆత్యయిక స్థితియే నిత్యనియమమని ప్రతిపాదించెను. ఇటలీ తత్త్వవేత్త జార్జో అగాంబెన్ 2003లో ఈ వాదమును విస్తరించి, అట్టి స్థితిలో శాసనము పేరునకు అమలులో నుండియు శూన్యమగునని వివరించెను.

విషయనియమము లేని అపవాదము ఉత్సర్గమును బాధించుటతో నాగదు, దానినే మ్రింగివేయును. 1975-77 నాటి ఆత్యయిక స్థితి పిమ్మట మన రాజ్యాంగమునకు 1978లో చేయబడిన 44వ సవరణము, 20, 21 అధికరణముల హక్కులను ఎట్టి ఆత్యయిక స్థితిలోను స్తంభింపజేయరాదని విధించినది. అపవాదమును మరల సూత్రమునకు లోబఱచు యత్న మిదియే.