ఎత్తేది వేరు, మోసేది వేరు
(ఇంటి గ్యారేజీలో తేలిక స్పోర్ట్స్ కారును పైకెత్తడం వెనుక ఉన్న భౌతికశాస్త్రం)

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని తెలుగువారి సామెత. ఆ కందెన వేయడానికి మన పల్లెల్లో పూర్వం ఎడ్లను విప్పి, నలుగురు కలిసి బండిని ఒక పక్కకు ఎత్తేవారు. ఎత్తిన వెంటనే మరొకరు ఇరుసు కింద బలమైన ఊతకర్ర నిలిపేవారు. ఆ కర్ర నిలిచిన తరువాతనే సీల ఊడదీసి చక్రం లాగేవారు. ఎత్తిన చేతులు అలసిపోతాయని, ఊతకర్రకు అలసట ఉండదని ఆ రైతులకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనక్కరలేకపోయింది.

మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయాన, కేసీ పురపాలక పరిధిలోని క్లైడ్ నార్త్ ఒకప్పుడు పచ్చిక బయళ్లు, కూరగాయల తోటల ప్రాంతం. 2021 జనాభా లెక్కల నాటికి అక్కడి జనసంఖ్య 30 వేలు దాటింది. కొత్త ఇళ్లలో చాలావాటికి రెండు కార్లు పట్టే గ్యారేజీ, నున్నని కాంక్రీటు నేల, దాని ముందు వీధి కాలువ వైపు వాలుగా దిగే డ్రైవ్‌వే ఉంటాయి. ఇటువంటి గ్యారేజీలో కుటుంబపు పెద్ద కారు పక్కన, ఇంటాయన ముచ్చటపడి కొన్న పాత మాజ్డా ఎం.ఎక్స్-5 ఒకటి చేరిందనుకుందాం. ఆదివారం ఉదయం దాని నూనె మార్చాలని, బ్రేకులు చూడాలని ఆయనకు ఉబలాటం పుడుతుంది. అపాయం మొదలయ్యే చోటు కూడా అదే.

1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఎం.ఎక్స్-5 బరువు మొదటి తరంలో ఒక టన్నుకు లోపే. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ మరీ తేలిక. ముప్పాతిక టన్ను కూడా తూగదు. ఇంత తేలిక బండి ఏమి చేస్తుందిలే అన్న ధీమా చాలామందికి కలుగుతుంది. 900 కిలోల కారులో ఒక్కొక్క చక్రం వాటా సుమారు 225 కిలోలు. పడుకున్న మనిషి ఛాతీ మీద అంత బరువు నిలిస్తే ఊపిరి పీల్చడం అసాధ్యం. గట్టిగా పిలవడానికి కూడా ఊపిరే కావాలి.

తేలికదనంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఒక స్టాండు ఎత్తు 40 సెంటీమీటర్లు, దాని పాదం వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. పై నుంచి దిగే భారంలో నాలుగోవంతుకు మించిన బలంతో పక్కకు నెడితే ఆ స్టాండు ఒరిగిపోతుంది. నాలుగు స్టాండుల మీద ఉన్న 1,800 కిలోల పెద్ద కారు ఒరగాలంటే 450 కిలోల తోపు కావాలి. 900 కిలోల చిన్న కారుకు 225 చాలు. మొరాయించిన నట్టును ఊడదీయడానికి మనిషి పానాను లాగే బలం మాత్రం రెండు కార్లకూ ఒకటే. అనగా కారు ఎంత తేలికైతే, కింద ఉన్నవాని చేతి బలానికి అది అంత సులభంగా కదులుతుంది. స్టాండు ఎత్తును 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే నాలుగోవంతు మూడోవంతవుతుంది. అందుకే పనికి చాలినంత ఎత్తే గాని అంతకు మించి ఎత్తరాదు. చక్రాల నట్లను కారు నేల మీద ఉన్నప్పుడే ఒక సుత్తు వదులు చేసుకోవాలనడానికీ ఇదే కారణం. పదికి ఒకటి చొప్పున వాలిన డ్రైవ్‌వే మీద బరువులో పదోవంతు అప్పటికే కారును పల్లానికి లాగుతూ ఉంటుంది కనుక ఆ పని అక్కడ కాక గ్యారేజీ లోపలే చేయాలి. తారు నేల కూడా పనికిరాదు. మెల్బోర్న్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన నాడు తారు మెత్తబడి స్టాండు కాళ్లు మెల్లగా దిగబడతాయి.

ఇక జాకీ సంగతి. ద్రవం మీద ఒక చోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ గ్రహించాడు. ఆ సూత్రాన్ని యంత్రంగా మలచి 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో పేటెంటు పొందాడు. నేటి ట్రాలీ జాకీ ఆ యంత్రానికి మునిమనుమరాలు. ఒక సెంటీమీటరు వ్యాసమున్న చిన్న ముషలకం నాలుగు సెంటీమీటర్ల పెద్ద ముషలకం కిందికి నూనెను తోస్తే బలం పదహారింతలవుతుంది. పొడవాటి పిడి మీటగా పనిచేసి మరొక పదింతలు చేర్చిందనుకుంటే, చేతితో నొక్కిన 10 కిలోలు 1,600 కిలోలవుతాయి. ఎత్తే చేయి ఇందులో కొంత తినివేసినా మిగిలినది కారు ముందు భాగాన్ని ఎత్తడానికి చాలును.

అయితే అంత భారాన్నీ ఆ తరువాత ఆపి ఉంచేది ఒక రబ్బరు వాషరు, కవాటంలోని ఒక చిన్న ఉక్కు గుండు. వాషరు అరిగినా, కవాటంలో ఇసుక రేణువు చిక్కినా నూనె వెనక్కు జారుతుంది. బండితో పాటు వచ్చే మర జాకీకి ఈ జబ్బు లేదు. మర వాలు స్వల్పం గనుక, ఘర్షణ దానిని తనంతట తాను తిరగనీయదు. కాని దాని పాదం ఇరుకు, నడుము సన్నం. దారిలో స్టెప్నీ మార్చుకోవడానికే దానిని చేశారు.

ట్రాలీ జాకీ చక్రాల మీద ఎందుకుంటుందో చాలామంది ఆలోచించరు. తోసుకుపోవడానికి వీలుగా అని మాత్రమే కాదు. దాని చేయి నిట్టనిలువుగా లేవదు, గుండ్రంగా లేస్తుంది. లేచేకొద్దీ చివరి గిన్నె పిడి వైపుకు జరుగుతుంది. అప్పుడు జాకీ కారు కిందికి దొర్లాలి, లేదా కారే జాకీ వైపు కదలాలి. నేల పగులులోనో, గులకరాళ్లలోనో జాకీ చక్రం ఇరుక్కుని, కారు కూడా కదలలేకపోతే గిన్నె జారుతుంది. ఎత్తే ముందు నేలను చీపురుతో ఊడ్వమని అనుభవజ్ఞులు చెప్పేది శుభ్రత కోసం కాదు.

మరి కారును కదలకుండా పట్టి ఉంచేది ఏది? ఇక్కడ ఎం.ఎక్స్-5 వంటి బండ్ల యజమానులు తరచు పొరబడతారు. దాని హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పడుతుంది. ఇంజను తిప్పేదీ వెనుక చక్రాలనే గనుక, గేరులో ఉంచినా బిగిసేవి అవే. వెనుక భాగాన్ని ఎత్తిన క్షణాన రెండు రక్షణలూ గాలిలో వేలాడతాయి. నేల మీది ముందు చక్రాలు యథేచ్ఛగా దొర్లుతాయి. ఒక్క వెనుక చక్రాన్నే ఎత్తితే గేరు ఆపుతుందనుకోవడం మరొక భ్రమ. సామాన్యమైన డిఫరెన్షియల్ గాలిలోని చక్రాన్ని వెనక్కు తిరగనిచ్చి, నేల మీది చక్రాన్ని వదిలివేస్తుంది. కనుక ముందు ఎత్తితే వెనుక చక్రాలకు, వెనుక ఎత్తితే ముందు చక్రాలకు, ఇరువైపులా అడ్డుదిమ్మలు పెట్టక తప్పదు. మన లారీ డ్రైవర్లు చక్రం కింద రాయి పెట్టకుండా పని మొదలుపెట్టరు.

ఎక్కడ ఎత్తాలన్నది కారుకు, కారుకు మారుతుంది. యజమానుల పుస్తకం చూడనిదే ముట్టుకోరాదు. తొలి తరం ఎం.ఎక్స్-5కు ముందు అడ్డదూలం నడుమ, వెనుక డిఫరెన్షియల్ నడుమ జాకీ పెట్టవచ్చును. స్టాండులకు చోటు తలుపుల కింది అంచున గాట్లతో గుర్తించి ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటిన బండ్లలో వెనుక చక్రాల ముందరి అంచు లోలోపల తుప్పు పట్టడం ఈ జాతికి ప్రసిద్ధమైన జబ్బు. పైన రంగు నిగనిగలాడుతున్నా కింద అట్టలా నలిగిపోగలదు. వేలితో తట్టి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడడం మేలు. లోటస్ ఎలీజ్ చట్రం అల్యూమినియం ముక్కలను జిగురుతో అతికించి చేసినది. దాని కింది పలుచని రేకు బరువు మోయడానికి కాదు. పైగా ఇంజను వెనుక ఉండడంచేత బరువులో 60 శాతానికి పైగా వెనుక చక్రాల మీదే ఉంటుంది. చక్రాల మధ్య దూరాన్ని సగం చేసి అక్కడ తూకం కుదురుతుందనుకుంటే ముక్కు లేచి తోక పడుతుంది. ఈ బండ్లు నేలకు బాగా దగ్గర గనుక సామాన్య జాకీ కిందికి దూరకపోవచ్చును. ముందుగా చక్రాలను దళసరి చెక్క పలకల మీదికి ఎక్కించుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

ఆస్ట్రేలియాలో ట్రాలీ జాకీలు, స్టాండులు తప్పనిసరి ప్రమాణాలకు లోబడి ఉండాలి. కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరవద్దన్న హెచ్చరిక జాకీ మీదే కనబడాలి. స్టాండులనైనా గుడ్డిగా నమ్మరాదని 2020లో అమెరికాలో రుజువైంది. పళ్ల అమరిక జారిపోతుందన్న అనుమానంతో అక్కడ లక్షలాది స్టాండులను వెనక్కు పిలిచారు. అడ్డంగా ఉక్కు మేకు గుచ్చే రకంలో ఆ బెడద లేదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు మాత్రం ఎంతమాత్రమూ పనికిరావు. అవి ముందుగా వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి.

స్టాండుల మీదికి భారం దింపిన తరువాత, కిందికి వెళ్లే ముందే కారును చేతులతో గట్టిగా కుదిపి చూడాలి. పడేదైతే అప్పుడే పడనివ్వాలి. జాకీని కూడా తీసివేయక, కొద్దిగా తగిలేలా అక్కడే ఉంచడం, ఊడదీసిన చక్రాన్ని తలుపు అంచు కిందికి పడుకోబెట్టి తోయడం పాత మెకానిక్కుల అలవాటు. బండి జారినా చక్రం మందమంత ఖాళీ మిగులుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని పెట్టుకోరాదు. కింద పని సాగుతున్నంతసేపూ పిల్లలను గ్యారేజీలోకి రానివ్వరాదు. కాని కారు పడితే ఏమి చేయాలో వారికి తెలిసి ఉండాలి. 000కు ఫోన్ చేయాలి, చేతులతో ఎత్తబోకుండా పెద్దలు జాకీతో ఎత్తాలి.

దింపడం ఎత్తినదానికి తిరగేసిన క్రమం. జాకీతో కొద్దిగా లేపి, స్టాండులు తీసి, కవాటాన్ని వెంట్రుకవాసి చొప్పున వదలాలి. చక్రాలు నేలకు ఆనాక నట్లను ఎదురెదురుగా, పుస్తకంలో చెప్పిన కొలతకు బిగించాలి. ఆ తరువాత స్టాండులన్నీ గోడవారకు చేరాయో లేదో లెక్కపెట్టుకుని, చక్రాల కింది దిమ్మలు తీసి, తాళంచెవి చేతపట్టవచ్చును.