చలిలో మరిగే ఇంజను

మోటారు ఇంజను వేడెక్కి ఆగిపోవడం మనకు వేసవిలో పరిచయమైన విషయమే. రోహిణీకార్తె ఎండలో ఘాటురోడ్డు ఎక్కలేక నిలిచిపోయిన బండినీ, బానెటు ఎత్తి ఆవిరి తగ్గేవరకు ఎదురుచూచే డ్రైవరునూ ఎరుగని తెలుగువారుండరు. కాని నీరు రాయిగా మారే లడఖ్ చలిలో గూడ ఇంజను మరిగిపోతుందంటే వినేవారికి వింతగా తోచవచ్చును. మన ప్రాంతం నుండి సొంత కార్లలో లేహ్ వరకు యాత్ర చేసేవారున్నారు గనుక ఈ వింతకు కారణం తెలిసికొనడం అవసరం.

ఇంజనులో మండే ఇంధనపు శక్తిలో కొంతభాగమే చక్రాలను త్రిప్పుతుంది. మిగిలినది వేడిగా మారి బయటికి పోవలె. ఆ వేడిలో కొంత పొగగొట్టం గుండా పోగా, కొంత ఇంజను చుట్టూ ప్రవహించే నీటిలో చేరి, రేడియేటరు సన్నగొట్టాల ద్వారా గాలిలో కలుస్తుంది. ఈ రెంటికీ నడుమ థర్మోస్టాట్ అనే చిన్న తలుపున్నది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసి ఉంటుంది. నీటివేడి సుమారు 80, 90 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యకు వచ్చినప్పుడు తెరచుకొంటుంది.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. జనవరి రాత్రులలో అక్కడి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 15 డిగ్రీలకు చేరడం సాధారణం. రేడియేటరులో వట్టి నీరే ఉంటే తెల్లవారేసరికి గొట్టాలలో గడ్డకట్టి ఉంటుంది. ఉదయం ఇంజను నడిపినప్పుడు లోపలి భాగం వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరచుకొంటుంది. కాని అవతలి దారిని మంచు మూసివేసింది. వేడి వెలికిపోయే మార్గం లేక ఇంజనులోని నీరు మరగడం ఆరంభిస్తుంది. పైగా అంత ఎత్తున, గాలి ఒత్తిడి తక్కువ గనుక, తెరచి ఉంచిన నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి మరుగుదలను ఆలస్యం చేస్తుంది. మూతలోని రబ్బరు చెడిపోతే ఆ రక్షణ గూడ పోతుంది. ఇంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. గడ్డకట్టిన నీటి పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ బలానికి ఇంజను ఇనుపదిమ్మ సయితం బీటలు వారవచ్చును.

ఇక బ్యాటరీ సంగతి. సీసపు పలకలకూ గంధకికామ్లానికీ మధ్య జరిగే రసాయనక్రియ చలిలో మందగిస్తుంది. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ ఇచ్చే బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఇంజను నూనె చిక్కబడి, ఇంజనును త్రిప్పడానికి మామూలుకంటె ఎక్కువ బలం కావలసి వస్తుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిది దాని పరిస్థితి. నిండుగా ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నకు దిగువ 50 డిగ్రీల వద్ద గూడ గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినదానిలో దాదాపు నీరే మిగులుతుంది గనుక సున్నకు దిగువ 10 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది. మరొక సంగతి మనవారు గమనించవలె. బ్యాటరీ ఆయుర్దాయాన్ని హరించేది ముఖ్యంగా వేడి. విజయవాడ ఎండలలో నాలుగు వేసవులు గడిపి లోలోపల క్షీణించిన బ్యాటరీ, ఇక్కడ పనిచేస్తున్నట్లే కనిపించి, చలిదేశంలో తన బలహీనతను బయటపెడుతుంది.

ఈ రెండు బాధలకూ సంబంధం లేదని తోచవచ్చును. కాని చాలా బండ్లలో నీటిపంపునూ, బ్యాటరీని నింపే ఆల్టర్నేటరునూ త్రిప్పేది ఒకే బెల్టు. పంపులో నీరు గడ్డకడితే బెల్టు జారి కీచుమంటుంది, ఒక్కొక్కప్పుడు తెగిపోతుంది. అప్పుడు వేడిని చూపే ముల్లు పైకి లేవడమూ, బ్యాటరీ ఎర్రదీపం వెలగడమూ కలిసి జరుగుతాయి. అవి రెండు రోగాలు కావు, ఒకే రోగానికి రెండు లక్షణాలు.

నివారణ సులభమే. ఎథిలీన్ గ్లైకాల్ కలిసిన కూలెంటునూ, స్వేదనజలాన్నీ సమపాళ్ళలో కలిపి పోస్తే ఆ మిశ్రమం సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అది మరుగుస్థానాన్ని గూడ పెంచుతుంది. నీరు కలపకుండా పోస్తే మరింత మేలనుకోవడం పొరపాటు. వట్టి గ్లైకాల్ సున్నకు దిగువ 13 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది. అది రుచికి తీయగా ఉండే విషం. పిల్లలకూ, పెంపుడు జంతువులకూ అందకుండ ఉంచవలె. ఇట్టి ద్రవాలు వాడుకలోకి రాకముందు చలిదేశాల డ్రైవర్లు రాత్రివేళ రేడియేటరు నీరు వదలివేసి, ఉదయం తిరిగి నింపుకొనేవారు.

దారిలో వేడిముల్లు పైకి పోతూ, హీటరు నుండి చల్లగాలి వస్తుంటే, నీరు తిరగడం లేదనో, తగ్గిపోయిందనో గ్రహించవలె. వెంటనే బండి ఆపి ఇంజను కట్టివేయవలె. మూత తీయరాదు. ఎగజిమ్మే ఆవిరి ముఖాన్నీ చేతులనూ కాల్చివేస్తుంది. చల్లని ఇంజను మీద మరిగే నీరు గాని, కాగిన ఇంజను మీద చన్నీరు గాని పోయరాదు. గడ్డకట్టి ఉబ్బిన బ్యాటరీకి మరొక బ్యాటరీ తగిలించడం ప్రమాదకరం, అది పేలవచ్చును.

కొండదారిలో ఇంజను ఆగినదంటే ప్రయాణం ఆలస్యం కావడమొకటే కాదు, కారులోని వెచ్చదనం గూడ ఆగిపోతుంది. పిల్లలతో, వృద్ధులతో అట్టి రాత్రి గడపడం ప్రాణాపాయకరం. కనుక ఇంటివద్ద బయలుదేరే ముందే కూలెంటు పాలు, రేడియేటరు మూత, బెల్టు బిగువు, బ్యాటరీ బలం, ఈ నాలుగింటినీ మెకానిక్కు చేత పరీక్ష చేయించుకోవలె. దుప్పట్లనూ ఆహారాన్నీ వెంట ఉంచుకోవలె.