సెలయేటి చేపకు ఈక గాలం!

వేసవి సెలవులు... వీపున బ్యాగు, చేతిలో గాలపు కర్ర, ఎదురుగా కొండ! హైటెక్‌ సిటీ నుంచి ఆన్‌సైట్‌ పేరుతో అమెరికా వెళ్లే మనవాళ్లకు అక్కడ పరిచయమయ్యే సరదాల్లో ‘ఫ్లై ఫిషింగ్‌’ ఒకటి. కొండవాగుల్లో తిరిగే బ్రూక్‌ ట్రౌట్‌ను ఈకతో చేసిన ఉత్తుత్తి పురుగుతో పట్టడమే ఈ ఆట. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే న్యూజెర్సీకి ఆ చేపే రాష్ట్ర చేప. వర్జీనియాకూ అంతే. అక్కడి షెనాండోవా నేషనల్‌ పార్కులో కాలిబాట పక్కనే పారే వాగుల్లో ఇది కనిపిస్తుంది.

పురుగు కాదు... పురుగులాంటిది!

మామూలు గాలానికి ఎర గుచ్చుతాం. ఆ బరువుకే తీగ దూరం వెళ్లి పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అంతా తలకిందులు. ఈకలు, దారం చుట్టిన చిన్న కొక్కేనికి బరువే ఉండదు. అందుకే తీగనే లావుగా, బరువుగా తయారుచేస్తారు. కర్రను వెనక్కీ ముందుకూ ఊపితే తీగ గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్లి, ఈకను నీటిమీద మెల్లగా దించుతుంది. నిజం పురుగే వాలిందనుకుని చేప నోరు తెరుస్తుంది!

అయితే చేపకు కంటపడకూడదు. ట్రౌట్‌ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే ఆహారం కోసం కాచుకుంటుంది. కాబట్టి దిగువ నుంచి, చేప వెనకగా, చప్పుడు లేకుండా వెళ్లాలి. ఏ రాయి పక్కన నీరు నెమ్మదించింది, ఏ చెట్టు నీడ వాగుమీద పడుతోంది... ఇవన్నీ చూసుకోవాలి. చేపకన్నా ముందు నీటిని చదవడం నేర్చుకోవాలన్నమాట.

ఎండ ముదిరితే ఆట బంద్‌

బ్రూక్‌ ట్రౌట్‌కు చల్లని నీరే ప్రాణం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్‌ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్‌ దాటితే చేప ఇబ్బంది పడుతుంది. అప్పుడు గాలానికి చిక్కి పెనుగులాడిన చేప, తిరిగి వదిలినా బతక్కపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు జేబులో థర్మామీటర్‌ పెట్టుకుంటారు. వేసవిలో తెల్లవారుజామునే వెళ్తారు. నీరు వేడెక్కితే కర్ర మడిచి నడక సాగిస్తారు. చేపను వదిలేసేవాళ్లు ముల్లు లేని కొక్కెం వాడతారు. చేతులు తడిపాకే చేపను తాకుతారు. పొడిచేతులతో పట్టుకుంటే ఒంటిమీది జిగురుపొర ఊడిపోతుంది మరి!

మన చేప మొండిది!

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దీని తీరే వేరు. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చే ఏర్పాటూ దీనికుంది. తరచూ పైకొచ్చి గాలి మింగుతుంది. బురదలోనూ బతికేస్తుంది. అందుకే ట్రౌట్‌ ఉన్న వాగు శుభ్రంగా ఉన్నట్టే అనుకోవచ్చు కానీ, కొర్రమీను ఉన్నంత మాత్రాన చెరువు బాగున్నట్టు కాదు.

ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు ఇప్పుడు అద్దాల భవనాల మధ్య ఉంది. 2020లో తీగల వంతెన వచ్చాక సాయంత్రాలు అక్కడ సందడే సందడి. ఆ వెలుగులతో పాటు నీటి రంగునూ, వాసననూ గమనించేవాళ్లు ఎందరు? చెరువులో మురుగు చేరితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. తెల్లవారేసరికి అది మరీ పడిపోతుంది. గాలి మింగలేని బొచ్చె, రవ్వ లాంటివి తేలిపోతాయి. కొండవాగు దగ్గర నీటిని చదవడం నేర్చినవాళ్లకు ఊరి చెరువు చెప్పేదీ అర్థమవుతుంది.

మనదేశంలో పట్టాలంటే...

* ట్రౌట్‌ మన చేప కాదు. బ్రౌన్‌ ట్రౌట్‌ 1900లో స్కాట్లండ్‌ నుంచి కశ్మీర్‌ చేరింది.

* హిమాచల్‌ప్రదేశ్‌లోని తీర్థన్‌ లోయ ట్రౌట్‌ వేటకు పేరున్న చోటు. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి.

* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు అక్కడ వేట నిషేధం.

* మన చెరువుల్లో చేపలు పట్టే హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలదే. గాలం వేసేముందు వాళ్లను అడగాల్సిందే!