అట్లాంటిక్ మీది పొట్టి రాత్రి

న్యూయార్క్ నుంచి లండన్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. ప్రతి సాయంత్రం న్యూయార్క్ విమానాశ్రయాల నుంచి ఒకదాని వెనుక ఒకటిగా తూర్పు ముఖం పట్టే విమానాలు ఈ దూరాన్ని ఆరున్నర, ఏడు గంటల్లో దాటుతాయి. రెండు నగరాల గడియారాలకు సాధారణంగా ఐదు గంటల తేడా ఉంటుంది కాబట్టి, రాత్రి ఏడింటికి విమానమెక్కి మరునాటి ఉదయం ఆరున్నరకు లండన్‌లో దిగిన ప్రయాణికుడి శరీరానికి అది ఇంకా రాత్రి ఒకటిన్నరే. విమానం పైకి లేచి నిలకడగా సాగడం మొదలై, భోజనాలు వడ్డించి, పళ్ళేలు తీసేసరికి గంటన్నర, రెండు గంటలు గడిచిపోతాయి. దిగడానికి గంట ముందే దీపాలు వెలిగించి ఫలహారం అందిస్తారు. నడుమ మిగిలేది సుమారు నాలుగు గంటలు. ఎకానమీకి పైన, ఫస్ట్ క్లాస్‌కు కింద ఉండే బిజినెస్ క్లాస్ అనే తరగతి, అట్లాంటిక్ మార్గంలో తన నేటి రూపాన్ని పొందింది ప్రధానంగా ఈ నాలుగు గంటల కోసమే. ప్రకటనల్లో షాంపేన్ గ్లాసు, తెల్లని మేజాగుడ్డ ముందుగా కనబడతాయి గాని, ప్రయాణికుడు అంత డబ్బు పోసి కొనేది ఒళ్ళు పూర్తిగా చాచి పడుకోవడానికి కావలసిన చోటును.

ఆ రాత్రి ఎంత పొట్టిదో నిర్ణయించేది గాలి. భూమికి దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా ప్రవహించే గాలిపాయను జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనుక నుంచి తోస్తుంది, పడమటికి పోయేదాన్ని ఎదిరిస్తుంది. అందుకే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళడానికి ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను వీచినప్పుడు ఒక బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరుకుంది. ఆనాటి గాలులను బట్టి సముద్రం మీద విమానాలు అనుసరించవలసిన దారులను ప్రతిరోజూ కొత్తగా గీస్తారు. పగలు పడమటికి, రాత్రి తూర్పుకు సాగే ఈ రద్దీని ఒక దరిన కెనడాలోని గాండర్ కేంద్రం, మరొక దరిన స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి పనిచేసే షాన్‌విక్ కేంద్రం నియంత్రిస్తాయి. వెనుకగాలి బలంగా ఉన్న రాత్రి విమాన సంస్థకు ఇంధనం మిగులుతుంది, పడుకున్నవారికి నిద్ర తరుగుతుంది.

ఆకాశంలో పడక ఈనాటి ఆలోచన కాదు. 1939లో అమెరికాకు చెందిన పాన్ యామ్ సంస్థ అట్లాంటిక్ మీద నడపడం ప్రారంభించిన బోయింగ్ 314 అనే నీటి విమానాల్లో, అంటే నీటి మీదనుంచే లేచి నీటి మీదనే దిగే విమానాల్లో, ప్రయాణికులకు పడక బెర్తులు ఉండేవి. యుద్ధానంతరం వచ్చిన స్ట్రాటోక్రూయిజర్ విమానాల్లోనూ బెర్తులు ఉండేవి. ప్రయాణం ఒక రాత్రంతా, మజిలీలతో కలిపి అంతకన్నా ఎక్కువసేపు కూడా సాగే ఆ రోజుల్లో పడక లేకుండా గడిచేది కాదు. 1958 అక్టోబరులో బ్రిటన్‌కు చెందిన బీఓఏసీ కామెట్ విమానంతోను, కొద్ది వారాల వ్యవధిలోనే పాన్ యామ్ బోయింగ్ 707తోను జెట్ సర్వీసులను మొదలుపెట్టిన తరువాత ప్రయాణకాలం దాదాపు సగానికి తగ్గింది. దానితోపాటు పడకలూ మాయమయ్యాయి. వేగం పెరిగింది కనుక అలసట సమస్య తీరిపోయిందని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకానికి పరాకాష్ఠ కాంకార్డ్. 1977 నవంబరు నుంచి లండన్, పారిస్ నగరాలను న్యూయార్క్‌తో కలిపిన ఆ విమానం ధ్వని కన్నా రెండింతల వేగంతో మూడున్నర గంటల్లో సముద్రాన్ని దాటేది. ఇరుకైన దాని క్యాబిన్‌లో సీట్లు చిన్నవి. అంత తొందరగా చేరే మనిషికి నిద్రతో పని ఉండేది కాదు. దూర ప్రయాణపు బడలికకు మానవుడు కనిపెట్టిన మందులు రెండే: కాలాన్ని కుదించడం, లేదా ఆ కాలాన్ని నిద్రలో గడిపేయడం. 2003లో కాంకార్డ్ విరమించుకోవడంతో మొదటి మందు బజారులో లేకుండా పోయింది. రెండవది అప్పటికే తిరిగి వచ్చి ఉంది.

బిజినెస్ క్లాస్ పుట్టుకకు మాత్రం నిద్రతో సంబంధం లేదు. చౌక టికెట్లతో ఉంది. 1977 సెప్టెంబరులో ఫ్రెడ్డీ లేకర్ అనే బ్రిటిష్ వ్యాపారి స్కైట్రెయిన్ పేరుతో లండన్ నుంచి న్యూయార్క్‌కు ఒకవైపు 59 పౌండ్లకే విమానం నడిపాడు. పోటీకి నిలవడానికి పెద్ద సంస్థలూ ధరలు తగ్గించవలసి వచ్చింది. కంపెనీ పనిమీద, చివరి నిమిషంలో, పూర్తి ధర చెల్లించి ఎక్కినవారు అతి తక్కువ ధరకు ముందుగా కొనుక్కున్నవారి పక్కనే అదే సీటులో కూర్చోవలసి రావడం వారికి అన్యాయంగా తోచింది. వారిని నిలుపుకోవడానికి 1978 ప్రాంతంలో కొన్ని సంస్థలు క్యాబిన్ ముందు భాగంలో పూర్తి ధరవారికి వేరుగా చోటు కేటాయించాయి. మొదట్లో ఆ వేరు చోటు అంటే ఒక తెర, మంచి భోజనం, కొంచెం నిశ్శబ్దం, అంతే. తరువాత రెండు దశాబ్దాలలో సీట్లు వెడల్పయ్యాయి, వెనక్కు మరింత వాలాయి, కాళ్ళు ఆనించుకునే పీటలు వచ్చాయి. చదునైనా నేలకు ఏటవాలుగా ఉండే పడకలు కూడా కొంతకాలం నడిచాయి; వాటి మీద పడుకున్నవారు నిద్రలో మెల్లగా కిందికి జారేవారు.

2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన బిజినెస్ క్లాస్‌లో నేలకు సమాంతరంగా, పూర్తిగా చదునయ్యే సీటును ప్రవేశపెట్టింది. ఇక్కడ ఎదురైన చిక్కు క్షేత్రగణితానిది. విమానం వెడల్పు పెరగదు. ఆరడుగుల పడకను ఒక్కొక్కరికీ ఇస్తే సీట్ల సంఖ్య పడిపోతుంది, ఆదాయం దానితో పోతుంది. మనిషి భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం అన్న సామాన్యమైన పరిశీలన ఈ చిక్కును విప్పింది. పక్కపక్కన ఉన్న ఇద్దరిలో ఒకరిని విమానం ముక్కు వైపుకు, మరొకరిని తోక వైపుకు తిప్పి కూర్చోబెడితే, ఒకరి భుజాల పక్కకు మరొకరి పాదాలు వచ్చి ఇద్దరి పడకలూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ఈ ఉపాయంతో ఆ సంస్థ ఒక వరుసకు ఎనిమిది పడకలు పట్టించగలిగింది. అందుకు ప్రయాణికులు చెల్లించిన మూల్యం లేకపోలేదు: ఎదురుగా ఒక అపరిచితుడి ముఖం కనబడేది, కిటికీ పక్కన పడుకున్నవారు రాత్రి లేవాలంటే నడవ పక్కవారి కాళ్ళు దాటవలసి వచ్చేది. 2003లో వర్జిన్ అట్లాంటిక్ మరొక దారి పట్టి, చేప వెన్నుముల్లు నుంచి చిన్న ముళ్ళు ఏటవాలుగా చీలినట్లు సీట్లను నడవకు ఐమూలగా పేర్చింది. దీనివల్ల ప్రతివారికీ నేరుగా నడవలోకి దిగే వీలు కలిగింది. ఆ తరువాత వచ్చిన అమరికల్లో ఒకరి పాదాలు ముందువారి పక్కబల్ల కింద ఉన్న గూటిలోకి దూరతాయి. ఆ గూడు ఎంత ఇరుకన్నదే పొడగరుల నిద్రను నిర్ణయిస్తుంది గనుక, సీటును ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న టీవీ తెర పరిమాణం కాదు, పాదాల చోటు. 2017లో ఖతార్ ఎయిర్‌వేస్, డెల్టా సంస్థలు, 2019లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సీటు చుట్టూ గోడ కట్టి తలుపు కూడా పెట్టాయి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు ఆ తలుపులు తెరిచే ఉంచాలి. సీటు నిటారుగా నిలపాలి. ప్రమాదంలో గురుత్వాకర్షణకు పదహారు రెట్ల కుదుపును తట్టుకుంటుందని పరీక్షల్లో రుజువైన తరువాతనే అటువంటి సీటును విమానంలో బిగించనిస్తారు. మోటార్లు, తెరలు, పరుపు, గోడ, తలుపు అన్నీ కలిపి ఆ పరీక్షలో నెగ్గించడం ఒక కొత్త సీటు రూపకల్పనకు ఏళ్ళు పట్టడానికి ముఖ్య కారణం.

పడక దొరికినంత మాత్రాన శరీరం ఇంట్లో ఉన్నట్లు భావించదు. విమానం లోపలి గాలి పీడనం సాధారణంగా సముద్రమట్టానికి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే కొండ మీది పీడనానికి మించి తగ్గకుండా నిలుపుతారు; బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి కొత్త విమానాల్లో అది ఆరు వేల అడుగుల స్థాయి. గాలిలో తేమ ఎడారిని తలపించేంత తక్కువ కావడంవల్ల ముక్కు, గొంతు ఎండుతాయి, వాసన మందగిస్తుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం 2010లో జరిపిన పరిశోధనలో, క్యాబిన్ పరిస్థితుల్లో ఉప్పు, తీపి రుచులు నాలుకకు మందంగా తెలుస్తాయని తేలింది. టమాటా, పుట్టగొడుగుల్లోని ఉమామి అనే రుచి మాత్రం అంతగా తగ్గదు. వంట నేల మీదే చేసి, చల్లబరచి, పైన పొయ్యిల్లో వేడి చేస్తారు కాబట్టి పులుసు, ఇగురు వంటివి బాగా నిలబడతాయి, వేపుడు ముక్కలు ఎండిపోతాయి. ఎంత ఖరీదైన టికెట్టూ ఈ భౌతిక నియమాలను మార్చలేదు. నాలుగు గంటలకు మించిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చోవడంవల్ల కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఆ ప్రమాదం ఇరుకు సీటుకే పరిమితం కాదు, కదలికలేమి ఉన్న ప్రతి చోటా ఉంటుంది. విశాలమైన సీటులో ఉన్నవారు కూడా లేచి నాలుగడుగులు వేయడం అవసరం.

ఇంత స్థలం ఇచ్చి కూడా ఈ మార్గంలో విమాన సంస్థలు లాభపడుతున్నాయంటే, అందుకు కారణం లండన్, న్యూయార్క్‌ల నడుమ బ్యాంకులు, న్యాయ సంస్థలు, పెట్టుబడి కంపెనీలు తమ ఉద్యోగులను ఏడాది పొడవునా తిప్పుతూ ఉండడం. హీత్రో, జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయాల మధ్య ఈ ఒక్క మార్గం మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు ఒక్క ఏడాదిలో 100 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చినట్లు 2018లో వెలువడిన లెక్క ఒకటి తెలిపింది. విమానం ముందు భాగంలో ఉన్న కొద్ది వరుసలు ఆ ఆదాయంలో తమ సంఖ్యకు మించిన వాటా తెస్తాయి. అయితే ఆ వరుసలే చాలునని నమ్మినవారు దెబ్బతిన్నారు. విమానమంతా బిజినెస్ క్లాసే పెట్టి అట్లాంటిక్ మీద నడిపిన మ్యాక్స్‌జెట్, ఈయాస్, సిల్వర్‌జెట్ సంస్థలు మూడూ 2007 డిసెంబరు నుంచి 2008 మే లోపల మూతపడ్డాయి. చమురు ధర ఎగిసి, ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన కాలంలో వెనుక సీట్ల ఆసరా లేని విమానం నిలవలేకపోయింది. 2009 సెప్టెంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ సిటీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌కు కేవలం 32 పడకలతో ఒక చిన్న విమానాన్ని నడపసాగింది. అక్కడి రన్‌వే పొట్టిది కావడంవల్ల నిండా ఇంధనంతో లేవడం కుదరక, పోయేటప్పుడు ఐర్లండ్‌లోని షానన్‌లో దిగి ఇంధనం నింపుకునేది. ఆ విరామంలోనే ప్రయాణికులు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ ముగించుకుని, న్యూయార్క్‌లో వరుసలో నిలబడకుండా నేరుగా బయటికి నడిచేవారు. ఆలస్యాన్ని సౌకర్యంగా మార్చిన ఈ ఏర్పాటు 2020లో కోవిడ్‌తో ఆగిపోయింది. పారిస్, న్యూయార్క్ ప్రాంతాల మధ్య లా కొంపాన్యీ అనే ఫ్రెంచి సంస్థ మాత్రం 76 సీట్ల బిజినెస్ క్లాస్ విమానాలతో ఈ పద్ధతిని నిలుపుకొస్తోంది.

ఆ 76 సంఖ్యలోనే మరొక లెక్క ఉంది. అదే రకపు ఎయిర్‌బస్ ఏ321 విమానంలో ఇతర సంస్థలు రెండు వందలకు పైగా కూడా ప్రయాణికులను కూర్చోబెడతాయి. విమానం కాల్చే ఇంధనం ఇంచుమించు అంతే కాబట్టి, తలకు పడే కర్బన ఉద్గారం ఆక్రమించిన స్థలంతోపాటు పెరుగుతుంది. బ్రిటన్ ప్రభుత్వం వ్యాపార సంస్థల కోసం ప్రకటించే గుణకాల్లో దూర విమానాల బిజినెస్ క్లాస్ ప్రయాణానికి ఎకానమీ కన్నా దాదాపు మూడు రెట్ల ఉద్గారాన్ని ఆపాదిస్తారు. ప్రయాణాల లెక్క రాసుకునే కంపెనీలు ఈ మూడు రెట్లను విస్మరించడం సరికాదు. వీడియో సమావేశంతో తీరే పనికి పడక కొనడం భూమికి బరువే.

తెలుగువారికి ఈ మార్గం అపరిచితం కాదు. హైదరాబాదు నుంచి లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో అమెరికాలోని బిడ్డల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు అట్లాంటిక్ ప్రయాణంలో రెండవ అంకం. పిల్లలు అమ్మానాన్నల సుఖం కోసం బిజినెస్ క్లాస్ టికెట్ కొనాలనుకుని, మొత్తం ప్రయాణానికి ధర చూసి వెనుకాడే సందర్భాలు ఎన్నో. అటువంటప్పుడు అన్ని అంకాలనూ ఒకే గాట కట్టనవసరం లేదు. ఒకే టికెట్టులో వేర్వేరు అంకాలకు వేర్వేరు తరగతులు ఎంచుకునే వీలు చాలా సంస్థలు ఇస్తాయి. లండన్ నుంచి అమెరికాకు పోయే విమానం సాధారణంగా పగటిపూట, సూర్యుడి వెంటే సాగుతుంది. అప్పుడు పడక ఉన్నా నిద్ర పట్టడం తక్కువ. మనిషి లోపలి గడియారపు సహజమైన చుట్టు 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ కాబట్టి, రోజు సాగే పడమటి ప్రయాణానికి ఒళ్ళు తేలికగానే అలవాటు పడుతుంది. తిరుగు ప్రయాణంలో తూర్పుకు వచ్చే ఆ పొట్టి రాత్రి అలా కాదు: రోజు కుంచించుకుపోతుంది, దిగిన తరువాత లండన్‌లో కొన్ని గంటలు వేచి ఉండి మళ్ళీ తొమ్మిది పది గంటల విమానం ఎక్కాలి. ఒక్క అంకానికే డబ్బు పెట్టగలిగితే పెట్టవలసింది దానికే. ఆ రాత్రి విమానం ఎక్కే ముందే లాంజ్‌లో, అంటే ఈ తరగతివారికి కేటాయించిన విశ్రాంతి గదిలో, భోజనం ముగించుకుని, సీటులో కూర్చోగానే తమకు వడ్డన వద్దని, దిగే వేళకే లేపమని సిబ్బందికి చెబితే, నాలుగు గంటల నిద్ర ఐదుకు దగ్గరవుతుంది.